ఉన్న పనితనంతోనే ప్రాంతాన్ని పెంచుకోవడం: క్లస్టర్ పనిలో దిగేవాళ్లకు మెట్టు మెట్టుగా మార్గదర్శి

తెల్లవారుజామున నాలుగింటికి భీమవరం రోడ్డు మీద నిలబడితే ఐసు నింపుకున్న వ్యాన్లు రొయ్యల చెరువుల వైపు పోతూ కనిపిస్తాయి. పట్టుబడి ముగిసిన లోడ్లు ప్లాంట్ల వైపు వస్తుంటాయి. కాస్త వెలుగొచ్చాక చూస్తే రోడ్డు వారగా నీళ్లు, సీడ్ (రొయ్య పిల్ల) పరీక్షించే ల్యాబులు, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు చుట్టే షెడ్లు, మేత డీలర్లు, వలలు కుట్టేవాళ్లు వరసగా ఉంటారు. టీ కొట్టు దగ్గర "ఇవాళ 50 కౌంట్ ఎంత?" అంటే కిలోకు యాభై రొయ్యలు తూగే సైజు రేటు అడుగుతున్నారని అక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. ఇక్కడ ఐసు ఫ్యాక్టరీ పెట్టండి, అక్కడ మోటారు షెడ్డు పెట్టండి అని ఏ ప్రభుత్వమూ గీత గీసి చెప్పలేదు. ఒకరి పని ఇంకొకరికి అవసరమై, ఒకరి పక్కన ఒకరు చేరారు. క్లస్టర్ అంటే ఇదే.

మన దగ్గర క్లస్టర్ మాట వినగానే ముందు భూమి గుర్తొస్తుంది. ఎకరాలు, ప్రహరీ, శంకుస్థాపన ఫలకం. ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులు కడతామన్నారు. పార్కు మంచిదే, రోడ్డు, కరెంటు ఎవరికి చేదు? కానీ పార్కులో పక్కపక్క షెడ్లలో ఒకరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకరు పచ్చళ్లు, ఇంకొకరు ఇనుప గేట్లు చేస్తుంటే వాళ్ల మధ్య ఉన్నది ఉమ్మడి గోడ ఒక్కటే. ఈ మార్గదర్శి ఆ గోడ గురించి కాదు. ఇప్పటికే చేతుల్లో ఉన్న పనితనాన్ని గుర్తుపట్టి, దాన్ని బిగించి ఉంచిన ముడి విప్పి, కొత్త ఆలోచన ఒక షెడ్డులోంచి పది షెడ్లకు పాకేలా చేయడం గురించి. చదివేవారు పరిశ్రమల సంఘంలో సభ్యులు కావచ్చు, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అధికారి కావచ్చు, ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు కావచ్చు. మెట్లు అందరికీ అవే.

మొదటి మెట్టు: ఏముందో కాళ్లతో తిరిగి తెలుసుకోండి

ముందు ఒక చిన్న లెక్క. మీ జిల్లాలో పరిశ్రమల్లో పనిచేసేవాళ్లు 50 వేల మంది, అందులో రాతి పనిలో ఉన్నవాళ్లు 4 వేలు అనుకుందాం. అంటే 8 శాతం. రాష్ట్రం మొత్తమ్మీద రాతి పనివాళ్ల వాటా 2 శాతం అనుకుందాం. 8ని 2తో భాగిస్తే 4. ఈ అంకె 1 దగ్గర ఉంటే మీ జిల్లా కూడా అన్ని జిల్లాల్లాంటిదే. 2 దాటితే అక్కడ ఏదో ఉన్నట్టు. 4 అంటే ఇక సందేహం అక్కర్లేదు. లెక్కకు కావలసిన వివరాలు చిన్న పరిశ్రమలు పేరు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్లలో, కరెంటు పంపిణీ చేసే డిస్కం వారి పారిశ్రామిక కనెక్షన్ల జాబితాలో దొరుకుతాయి. రెండూ సంపూర్ణం కావు. ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లు రెండింట్లోనూ కనపడరు. మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ నగల పని చూడండి. రాళ్లు అతకడం, ముక్కలు జతచేయడం ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతుంది. కనెక్షన్ల జాబితా పట్టుకుని చూస్తే అందులో సగం పరిశ్రమ మాయం.

అందుకని లెక్క తర్వాత కాలినడక. నేను కొత్త పట్టణానికి వెళ్తే మూడు ఆనవాళ్లు వెతుకుతాను. ఒకటి, ఆ ఒక్క పని మీదే బతికే మెకానిక్ ఉన్నాడా? అన్ని మోటార్లూ బాగుచేసేవాడు ఏ ఊళ్లోనైనా ఉంటాడు. ఏరియేటర్ మోటార్లు మాత్రమే చుట్టేవాడు ఉన్నాడంటే చుట్టూ వేల ఏరియేటర్లు తిరుగుతున్నట్టే. రెండు, పాత యంత్రాలు కొని అమ్మే బజారు ఉందా? ఉంటే కొత్తవాడు తక్కువ పెట్టుబడితో దిగగలడు, మునిగినవాడు కొంత సొమ్ము రాబట్టుకుని బయటపడగలడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డు, కమాన్ కట్టలు వేసే కొలిమి, పాత విడిభాగాల దుకాణం ఒకదాని వెనక ఒకటి ఉండటంలో ఉన్న బలం ఇదే. మూడు, బయటివాడికి అర్థంకాని మాటలు ఉన్నాయా? ఇక్కత్ నేసే పోచంపల్లిలో ఆసు, చిటికి అనే నేతపని మాటలు ఎవరికీ వివరించాల్సిన పని లేదు. మాటలు పుట్టాయంటే పని పాతుకుపోయిందని అర్థం.

ఈ మూడింటిలో ఒక్కటీ కనపడకపోతే మీ దగ్గర క్లస్టర్ లేదు. దాన్ని ఒప్పుకోవడమే మేలు. సున్నా నుంచి క్లస్టర్ పుట్టించడం అసాధ్యం కాకపోయినా, దానికి కావలసిన సొమ్మూ ఏళ్లూ జిల్లా స్థాయిలో ఎవరి దగ్గరా ఉండవు.

రెండో మెట్టు: గొలుసు గీయండి, రూపాయిని వెనక్కి నడపండి

చివరి కొనుగోలుదారు ఇచ్చే ధర దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ప్రతి చేతిలో ఎంత మిగిలింది, ఎన్ని రోజులు అప్పు ఆగింది, ఎంత సరుకు వృథా అయింది అని అడగండి. పెద్ద చార్టు పేపరు, రెండు రంగుల పెన్నులు చాలు. సాఫ్ట్‌వేర్ కావాలన్నవాళ్లకు ఇంకా ఊరు తిరిగే ఓపిక రాలేదన్నమాట.

ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా అడుగుతుంది. అయినా చాలా రాయి బ్లాకుల రూపంలోనే ఓడెక్కి చైనా, ఇటలీ లాంటి చోట్ల పలకలుగా కోతకు వెళ్తూ వచ్చింది. ఇక్కడ గొలుసు గీసినవాడికి ప్రశ్న ఎదురుగానే కనిపిస్తుంది: కోసి, మెరుగుపెట్టి, కొలతకు తయారుచేసే విలువ ఎవరి చేతిలో మిగులుతోంది? జవాబు మాత్రం తేలిక కాదు. బ్లాకు అమ్మితే డబ్బు త్వరగా తిరుగుతుంది. పలక కోయాలంటే యంత్రానికి, వజ్రపు బ్లేడుకు, కరెంటుకు, విరిగిపోయే రాయికి సొమ్ము ఆగుతుంది. క్వారీ యజమాని బ్లాకు అమ్మడం తెలివితక్కువతనం కాదు. అతని లెక్కలో అది సరైనదే. ఆ లెక్క మారాలంటే గొలుసులో ఏ చోట ఖర్చు తగ్గాలో చూపించాలి. "విలువ జోడించండి" అని సభల్లో చెప్పినంత మాత్రాన ఎవడూ రంపం కొనడు.

మూడో మెట్టు: అందరినీ బిగించిన ఒకే ముడి వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. చాలా ప్రాజెక్టులు ఇక్కడే దారి తప్పుతాయి కూడా.

ముప్పై యూనిట్లకు వెళ్లండి. అయిదు పెద్దవి, పదిహేను నడిమివి, పది చిన్నవి. "మీకేం కావాలి?" అని మాత్రం అడగొద్దు. అడిగితే సబ్సిడీ, స్థలం, కరెంటు రేటు అనే మూడు జవాబులే వస్తాయి, ముప్పై చోట్లా. బదులుగా ఇలా అడగండి: పోయిన ఏడాది చేతిదాకా వచ్చి పోయిన ఆర్డరు ఏది, ఎందుకు పోయింది? ఏ పని కోసం సరుకు జిల్లా దాటి వెళ్లి తిరిగొస్తోంది? నష్టం వచ్చిన నెలలో ఏం జరిగింది? జరిగిన సంగతి చెప్పేటప్పుడు మనిషి అబద్ధమాడటం తక్కువ.

ఈ విషయంలో రొయ్య రైతుల కథ నాకు ఎప్పటికీ పాఠమే. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ఊడ్చేసింది. రైతును అడిగితే మంచి సీడ్ కావాలంటాడు, మంచి మందు కావాలంటాడు. చెరువు చెరువుకూ తిరిగి చూస్తే ముడి వేరే చోట ఉంది. ఒకే కాలవ మీద పాతిక చెరువులు. ఒకాయన జనవరిలో పిల్ల వేస్తే ఇంకొకాయన మార్చిలో వేస్తాడు. ఒకరి చెరువులో తెగులు వస్తే రాత్రికి రాత్రి నీళ్లు కాలవలోకి వదిలేస్తారు. పొద్దున్నే పక్కాయన అదే నీళ్లు తోడుకుంటాడు. ఎవరు ఎంత ఖరీదైన సీడ్ తెచ్చినా లాభం లేదు.

2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా కొద్దిమంది రైతులను కూడగట్టింది. వాళ్లు చేసినవి చూడబోతే చిన్న పనులు. ఒకే కాలవ మీది చెరువులు ఒకేసారి ఎండగట్టడం. హ్యాచరీతో కలిసి బేరమాడి, పీసీఆర్ పరీక్ష చేయించిన పిల్లనే తేవడం. కొద్ది రోజుల తేడాలో అందరూ పిల్ల వేయడం. తెగులొస్తే దాచకుండా పక్కవాళ్లకు చెప్పడం, నీళ్లను శుద్ధిచేయకుండా కాలవలోకి వదలకపోవడం. యంత్రం లేదు, భవనం లేదు. ఆ పద్ధతే పెరిగి 2007లో చిన్న ఆక్వా రైతులను కూడగట్టే నాక్సా అనే సంస్థగా, ఊరూరా ఆక్వా సొసైటీలుగా మారింది. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తాలో పంట తీరే మారిపోయింది. ఆ వేగాన్ని తట్టుకోవడానికి హ్యాచరీలు, ల్యాబులు, మేత మిల్లులు, ప్లాంట్లు అప్పటికే దగ్గర దగ్గరగా ఉన్నాయి.

మీరు ఎంచుకునే ముడికి మూడు గుణాలుండాలి. అది కనీసం సగం యూనిట్లకు నొప్పి పెట్టాలి. ఏ ఒక్కరూ సొంతంగా విప్పలేనిదై ఉండాలి. విప్పితే ఏడాది లోపు చేతికి డబ్బు తెలియాలి. మూడోది లేకపోతే రెండో సమావేశానికి సగం కుర్చీలు ఖాళీ.

నాలుగో మెట్టు: తొంభై రోజుల్లో ఒక చిన్న పని కలిసి చేయండి

ఒక పట్టణంలో ఉమ్మడి సేవా కేంద్రం, అంటే యూనిట్లన్నీ కలిసి వాడుకునే యంత్రాల చోటు, చూడటానికి వెళ్లాను. మంచి భవనం, లోపల విదేశీ యంత్రం, దాని మీద ప్లాస్టిక్ కవరు, తలుపుకు తాళం. తాళం చెవి సంఘం పెద్ద ఇంట్లో ఉంది. ఆయన ఊళ్లో లేడు. బయట బెంచీ మీద కూర్చున్న ఒక చిన్న యజమాని నవ్వుతూ, "మా డిజైన్ ఆ యంత్రం మీద పెడితే సాయంత్రానికి పెద్దాయన షెడ్డులో అదే తయారవుతుందండీ, అందుకే ఎవరం వెళ్లం" అన్నాడు. కోట్లు ఖర్చుపెట్టి కట్టింది ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

అందుకే యంత్రానికి ముందు నమ్మకం. అది ఉపన్యాసాలతో రాదు, చిన్న డబ్బు కలిసి లెక్కపెట్టుకుంటే వస్తుంది. మొదటి పనిగా ఉమ్మడి కొనుగోలు పెట్టుకోండి. పదిమంది కలిసి రాగి తీగో, రంగులో, బ్లేడులో ఒక లారీ తెప్పించండి. బిల్లు వాట్సాప్ గ్రూపులో పెట్టండి, మిగిలిన పైసలు అదే వారం పంచేయండి. లేదా ఒక ప్రదర్శనకు ఉమ్మడి స్టాలు తీసుకోండి. ఎవరు డబ్బు ఆలస్యం చేశారు, ఎవరు లెక్క అడక్కుండానే చూపించారు అన్నది అందరికీ తెలిసిపోతుంది. రేపు సంస్థలో డైరెక్టర్లుగా ఎవరుండాలో ఈ లారీయే చెబుతుంది.

ఇక కన్వీనర్ ఎవరు? పెద్ద కంపెనీ యజమాని వద్దు, మిగతావాళ్లు నోరు విప్పరు. అధికారీ వద్దు, బదిలీ అయిపోతాడు. నా అనుభవంలో నడిమి సైజు యూనిట్ నడుపుతూ, నలుగురితో మాట తేడా లేనివాళ్లు సరిగ్గా సరిపోతారు. విడిభాగాలమ్మే డీలరు కూడా బాగా పనికొస్తాడు. అతను అందరి షెడ్లకూ వెళ్తాడు, ఎవరికీ పోటీ కాదు. కన్వీనర్ ఎవరైనా సరే, సగం రోజు జీతానికి ఒక సమన్వయకర్తను పెట్టుకోండి. ఫోన్లు చేయడం, మినిట్స్ రాయడం, బాకీలు గుర్తుచేయడం ఉచితంగా ఎక్కువ కాలం సాగవు.

అయిదో మెట్టు: సంస్థ పెట్టండి, కానీ ముందు నెలవారీ లెక్క వేయండి

చిన్న పని కుదిరాక పెద్దదానికి దరఖాస్తు. కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ క్లస్టర్ అభివృద్ధి పథకం 2022 నిబంధనల ప్రకారం ఉమ్మడి సేవా కేంద్రం విలువ 5 నుంచి 10 కోట్లు అయితే 70 శాతం, 10 నుంచి 30 కోట్లు అయితే 60 శాతం కేంద్రం గ్రాంటుగా ఇస్తుంది. మిగతాది రాష్ట్రం, సభ్యులంతా కలిసి పెట్టుకున్న ప్రత్యేక సంస్థ (ఎస్‌పీవీ) భరించాలి. చేతివృత్తులు, సంప్రదాయ పరిశ్రమలకు స్ఫూర్తి పథకం ఉంది. అందులో 500 మంది వరకు కళాకారులున్న క్లస్టర్‌కు రెండున్నర కోట్ల దాకా, అంతకు మించితే 5 కోట్ల దాకా సాయం. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తాజా ఉత్తర్వు కాపీ తీసుకోండి. దారి మాత్రం దాదాపు ఒకటే: మొదట స్థితిగతుల అధ్యయనం, తర్వాత సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్), ఎస్‌పీవీ రిజిస్ట్రేషన్, స్థలం కాగితాలు, ఆమోదం. ఏళ్లు పడుతుంది. అందాకా సభ్యులను కలిపి ఉంచేది నాలుగో మెట్టులోని చిన్న పనులే.

డీపీఆర్‌ను ఇంకో జిల్లా నివేదిక నుంచి కాపీ కొట్టి తెచ్చే కన్సల్టెంట్లు ఉంటారు. పేజీలు తిప్పుతుంటే మధ్యలో వేరే ఊరి పేరు కనిపిస్తుంది. నవ్వు వస్తుంది గానీ, ఆ నివేదిక మీదే మీ యంత్రం ఎంపిక ఆధారపడి ఉంటుంది.

మీరే ఒక కాగితం మీద నెల ఖర్చు వేయండి. పరీక్షల ల్యాబు అనుకుందాం. ఇద్దరు ఆపరేటర్ల జీతాలు 60 వేలు, కరెంటు 25 వేలు, రసాయనాలు 40 వేలు, మరమ్మతులకు 35 వేలు, అయిదారేళ్ల తర్వాత కొత్త యంత్రం కొనడానికి పక్కన పెట్టేది 40 వేలు. మొత్తం 2 లక్షలు. పరీక్షకు 500 తీసుకుంటే నెలకు 400 పరీక్షలు రావాలి. సభ్యులు 50 మంది అయితే మనిషికి 8. వాళ్లు నిజంగా నెలకు ఎన్ని చేయించుకుంటారు? పాత బిల్లులు తిరగేస్తే 4 అని తేలిందనుకోండి, ఆదాయం లక్షే. అప్పుడు దారులు మూడు: ఫీజు పెంచడం, బయటివాళ్లకూ తెరవడం, చిన్న యంత్రం కొనడం. నాలుగో దారి కూడా ఉంది, చాలామంది పట్టేది అదే. యంత్రం గ్రాంటుతో వస్తోంది కదా అని లెక్క వేయకుండా తెచ్చుకుని, మూడో ఏట తాళం వేయడం.

డిజైన్ రహస్యం బయటికి పోతుందన్న భయానికి మందు బైలాల్లోనే, అంటే సంస్థ నియమాల్లోనే, రాసుకోండి. ఆపరేటర్ ఏ సభ్యుడి బంధువూ కాకూడదు. డిజైన్ ఫైళ్లు పని అయ్యాక తుడిచేయాలి. ముందు వచ్చినవాడికి ముందు పని, పెద్దాయనైనా సరే.

ఆరో మెట్టు: కొత్తదనానికి దారులు తెరవండి

కొత్తదనం అనగానే స్టార్టప్పులు, గాజు భవనాలు కళ్లముందు మెదులుతాయి. మన నేల మీద జరిగిన ఒక కథ చెబుతాను.

ఇక్కత్ చీర నేయాలంటే ముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా కొట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పాలి, ఒక్క చీరకు వేల సార్లు. పోచంపల్లి చుట్టుపక్కల ఈ పని ఆడవాళ్లది. భుజాలు పట్టేసి, కళ్లు మసకలు కమ్మేదాకా చేస్తారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక యంత్రం చేద్దామని దిగారు. పెద్ద చదువు లేదు. 1992లో మొదలుపెట్టి ముక్క ముక్కగా కట్టుకుంటూ వచ్చారు. మేకుల చుట్టూ దారం తిప్పే ఒక్క కదలిక దగ్గర ఆగిపోయారు. బతుకుతెరువుకు హైదరాబాద్ వచ్చి పనిచేస్తున్నప్పుడు బాలానగర్‌లోని ఒక యూనిట్‌లో ఏదో యంత్రం కదలిక చూసి, తనకు కావలసింది అదేనని పట్టేశారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను మనిషి పట్టుదల కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. నాకు అందులో బాలానగర్ ఎక్కువ కనిపిస్తుంది. సమస్య ఒక క్లస్టర్‌లో ఉంది, దాని జవాబు ఇంకో క్లస్టర్‌లోని షెడ్డులో వేరే పనికి తిరుగుతోంది. రెండూ కలవడానికి ఏడేళ్లు పట్టింది, అదీ కాకతాళీయంగా. ఆ కాకతాళీయాన్ని ఏడాదికోసారైనా కావాలని జరిపించడమే మీ పని.

ఎలాగంటే, ముందు సమస్యల చీటీలు రాయించండి. ఒక్కో చీటీ పది వాక్యాలు మించకూడదు: పని ఏమిటి, ఎక్కడ ఆగుతోంది, ఎంత సమయం పోతోంది, ఎంత ధరలో పరిష్కారమైతే కొంటారు. చివరి ప్రశ్న ముఖ్యం. పది వేలకు కొనే మగ్గం ఇంట్లోకి లక్ష రూపాయల రోబో పనికిరాదు. ఆ చీటీలు పట్టుకుని మీకు సంబంధం లేని క్లస్టర్‌కు పదిమంది వెళ్లండి. నేతవాళ్లు లారీ బాడీ షెడ్లకు, రాతిపనివాళ్లు పనిముట్ల తయారీదారుల దగ్గరకు. కూర్చుని మాట్లాడటం వద్దు, షెడ్డులో నిలబడి చూడండి.

తర్వాత నమూనా చేసే చోటు. హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర పరికరాల డిజైన్ సంస్థ సీఐటీడీ 1968 నుంచి ఉంది. రాయదుర్గంలో టీ-వర్క్స్ 2023లో తెరిచారు, ఆలోచన తెస్తే అక్కడి యంత్రాల మీద నమూనా చేసుకోవచ్చు. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీదారులకు ఖరీదైన పరీక్షల సదుపాయాలు ఒకే ఆవరణలో పెట్టారు. ఒక్కో చిన్న కంపెనీ విడిగా కొనలేని వాటిని పంచుకోవడమే అక్కడి కిటుకు. ఇవన్నీ మీ ఊరికి దూరం కావచ్చు. నెలకో రోజు వ్యాను కట్టుకుని వెళ్తే దగ్గరే.

ఇంజినీరింగ్ కాలేజీతో ఒప్పందం అంటే ఫోటో దిగి ఎంవోయూ ఫ్రేము కట్టడం దగ్గరే చాలాసార్లు ఆగుతుంది. ఒప్పందం పక్కనపెట్టి ఒకే ఒక్క మాట అడగండి: నాలుగో సంవత్సరం ప్రాజెక్టుల్లో పది మా చీటీల నుంచి తీసుకోండి, ఇద్దరిద్దరు పిల్లలు ఆరు వారాలు షెడ్డులో ఉండాలి. పదిలో ఎనిమిది పనికిరావు. పర్వాలేదు. మిగిలిన రెండింటిలో ఒక కుర్రాడు మీ దగ్గరే యూనిట్ పెట్టుకుంటే ఆ ఏడాది గెలిచినట్టే.

తయారైన దానిమీద హక్కు ఎవరిదో మొదటి రోజే రాసుకోండి. పేటెంట్ కనిపెట్టినవాడి పేర, క్లస్టర్ సభ్యులకు తక్కువ ధర అన్నది న్యాయంగా నడిచే ఏర్పాటు. ప్రాంతం పేరు మీద హక్కు కావాలంటే భౌగోళిక గుర్తింపు ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే వచ్చింది. అయినా ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చేసి అమ్మేవాళ్లు ఆగలేదు. గుర్తింపు పత్రం గోడకు తగిలించుకుంటే సరిపోదు. నకిలీ పట్టుకోవడానికి మనిషి, లాయరు ఫీజుకు నిధి కూడా కావాలి.

ఏడో మెట్టు: వెళ్లిపోయే మనిషిని శత్రువుగా చూడకండి

హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎలా పెరిగిందో చూడండి. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం పెట్టారు. అక్కడ రసాయన శాస్త్రం చదివిన యువకులు పుస్తకంలోని చర్యను టన్నుల్లో చేయడం నేర్చుకున్నారు. 1970 పేటెంటు చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చింది. కొత్త పద్ధతి కనిపెట్టగలిగితే ఆ మందు చేసుకోవచ్చు. తార్నాకలోని రసాయన పరిశోధనశాల, నేటి ఐఐసీటీ, అదే ఊళ్లో ఉంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా బయటికొచ్చినవాళ్లు, వాళ్ల దగ్గర పనిచేసి మళ్లీ బయటికొచ్చినవాళ్లు ఎంతోమంది. 1990లలో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ ఉస్మానియా విశ్వవిద్యాలయం, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రయోగశాలల ఆసరాతో పనిచేసి 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చింది. హైదరాబాద్ శివార్లలోని బయోటెక్ పరిశ్రమల ప్రాంతానికి జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టి బోర్డు నాటింది ఆ తర్వాత, 1999లో.

క్రమం గమనించండి. మొదట మనుషులు తయారయ్యారు, తర్వాత కంపెనీలు, చివర బోర్డు. తల్లి సంస్థ ఐడీపీఎల్ తర్వాత కుదేలైంది గానీ అది నేర్పిన పని ఊరంతా మిగిలింది.

కాబట్టి మంచి ఆపరేటర్ సొంత షెడ్డు పెట్టుకుంటానంటే అడ్డుపడకండి. అతనికి మొదటి ఆర్డరు మీరే ఇవ్వండి. మీకు ఒక విడిభాగం బయట తయారవుతుంది, క్లస్టర్‌కు ఒక యూనిట్ పెరుగుతుంది. ఐటీఐలో ఉన్న ట్రేడుల్లో ఏది మీకు పనికొస్తుందో చూసి, వారానికి రెండు రోజులు మీ మేస్త్రీనే పంపి నేర్పించండి. మేస్త్రీకి ఆ రోజుల కూలి సంఘమే ఇవ్వాలి.

ఎనిమిదో మెట్టు: మురుగు లెక్క ముందే కట్టండి

పక్కపక్కన చేరడంలో లాభం ఎంతుందో, కాలుష్యం ఒకే చోట పోగుపడటంలో ప్రమాదం అంతుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకి చేరి పొలాలు పాడైతే రైతులు కోర్టుకెక్కారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తిరుప్పూర్‌లో బనియన్ల రంగుల అద్దకపు నీళ్లు నొయ్యల్ నదిని చంపేస్తుంటే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల అద్దకం యూనిట్లు మూయించింది. ఒక్కో యూనిట్ విడిగా ఎంత లాభంలో ఉన్నా ఆ రోజు అందరికీ తాళమే పడింది. తర్వాత చుక్క నీరు బయటికి వదలని ఉమ్మడి శుద్ధి కేంద్రాలతో మళ్లీ నిలబడ్డారు. ఆ అనుభవమే ఇప్పుడు వాళ్లు విదేశీ కొనుగోలుదారులకు గర్వంగా చూపిస్తున్నారు.

శుద్ధి కేంద్రం ఖర్చును నీటి మీటరు ప్రకారం వసూలు చేయండి. తలకింత అని సమానంగా వేస్తే ఎక్కువ వదిలేవాడికి పండగ. పక్క ఊరి రైతులిద్దరు నిర్వహణ కమిటీలో ఉండాలి. వాళ్లకు వాసన ముందుగా తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: బాకీ డబ్బు, ఒకే మార్కెట్టు

చిన్న యూనిట్లను ముంచేది నష్టం కన్నా ముందు బాకీ. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇప్పుడు ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ గడువు దాటిన బాకీని చెల్లించేదాకా ఖర్చుగా చూపించుకోనివ్వదు. కానీ ఒక్కడు నోటీసు పంపితే అతని ఆర్డర్లు పోతాయి. అందుకే సంఘం లెటర్‌హెడ్ మీద, పేర్లు లేకుండా, అందరి బాకీలూ కలిపి లేఖ వెళ్లాలి. పెద్ద కొనుగోలుదారులను ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక మీదకు రమ్మని అడగండి. బిల్లు ఆమోదించగానే బ్యాంకు డబ్బిస్తుంది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా చెరువు గట్టు మీది కౌంట్ రేట్లకు తగిలింది. అమ్మకాల్లో సగానికి మించి ఒకే దేశానికో, ఒకే కంపెనీకో పోతుంటే రెండో తలుపు వెతకడం మంచి కాలంలోనే మొదలుపెట్టాలి. మన దేశంలోనే రొయ్య తినేవాళ్లను పెంచడం అన్నిటికన్నా దగ్గరి తలుపు, అందరూ చివర తట్టేదీ అదే.

పదో మెట్టు: ఏం లెక్కపెట్టాలి

ఎన్ని సమావేశాలు, ఎంతమందికి శిక్షణ, ఎన్ని కోట్లు మంజూరు అనే అంకెలు నివేదికకు సరిపోతాయి. మీ గోడ మీద మాత్రం వేరే ఆరు రాసుకోండి: ఈ ఏడాది కొత్తగా తెరిచిన యూనిట్లు, మూతపడ్డవి, పనివాడి రోజు కూలి, సరుకు చేతులు మారాక డబ్బు రావడానికి పట్టిన రోజులు, జిల్లా దాటి వెళ్లి తిరిగొచ్చే పనుల్లో ఎన్ని ఇక్కడికి వచ్చాయి, ఉమ్మడి యంత్రం నెలలో ఎన్ని గంటలు తిరిగింది. ఆఖరిది యంత్రం గదిలో పుస్తకం పెట్టి ఆపరేటర్ చేత్తో రాయిస్తే చాలు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అందరి ముందూ ఆ పుస్తకం చదవండి. గంటలు తగ్గిన నెల దగ్గర ఆగి, ఎందుకు తగ్గాయని ఆపరేటర్‌ను అడగండి. ఆ గదిలో అసలు సంగతి తెలిసింది అతనికే.